సందూకులో 61 క్యాసెట్లు

నిరుడు రంజాన్‌కు ముందు ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది సామాను కిందికి దించాం. అందులో దాదీమా జహేజ్‌లో తెచ్చుకున్న ఇనుప సందూక్ ఒకటి. లోపల పాత రజాయీలు ఉంటాయనుకున్నాను. రజాయీ ఒకటే ఉంది. దాని కింద వరసగా పేర్చిన వీడియో క్యాసెట్లు. లెక్కపెడితే 61. కొన్నింటి మీద షాదీ ఖానా పేరు, తారీఖు తెలుగులో ఉన్నాయి. కొన్నింటి మీద మా చిచ్చా ఉర్దూ దస్తూరి.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి ఒక క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఏముంది అబ్బా?" అన్నాడు. వాడికి ఉర్దూ అక్షరాలు రావు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, బడిలో చదివింది తెలుగు, ఇంగ్లీషు. మన ఇళ్లలో చాలామంది పిల్లల సంగతి ఇంతే కదా. నేను చిన్నప్పుడు మస్జిద్‌లో సిపారా చదివిన పుణ్యాన కూడబలుక్కుని చదివాను: "మక్కా, హజ్ 1406." పేరైతే చదివాను గానీ, టేపులో ఏముందో చూపించడానికి ఇంట్లో యంత్రం లేదు. మా వీసీఆర్‌ను 2007లో కబాడీ అతనికి 150 రూపాయలకు ఇచ్చేశాం. అప్పుడు మంచి బేరం అనుకున్నాం కూడా.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. తెలుగులోకి వచ్చేసరికి తేదీ ఒక్కటే మిగిలింది. ఆ 61 టేపుల్లోని తారీఖ్‌ను బయటికి తీయాలని పట్టుకున్న షౌక్ ఏడాదిగా నా ఆదివారాలన్నీ తినేసింది. నేను లెక్కల మాస్టర్ని, ఇంజనీర్ని కాదు. నేర్చుకున్నదంతా పాడుచేసి నేర్చుకున్నదే. మీ అటకల మీద కూడా ఇలాంటివి ఉంటాయన్న ఖయాల్‌తో రాస్తున్నాను.

ముందు ఈ యంత్రం ఖిస్సా కొంచెం చెప్పాలి. అది తెలియకుండా సామాను పోగేస్తే నాలాగే డబ్బులు దండగ.

బొమ్మను టేపు మీద దాచడం శబ్దాన్ని దాచినంత సులువు కాదు. శబ్దానికి టేపు నెమ్మదిగా కదిలినా చాలు. బొమ్మలో సమాచారం దానికి కొన్ని వందల రెట్లు ఎక్కువ, టేపు విమానంలా దూసుకుపోవాలి. 1950లలో కొందరు నిజంగానే అలా పరిగెత్తించి చూశారు, గంట కార్యక్రమానికి మైళ్ల కొద్దీ టేపు కావలసి వచ్చింది. అమెరికాలో ఆంపెక్స్ కంపెనీలో చార్లెస్ గిన్స్‌బర్గ్ నడిపించిన చిన్న బృందం ఇంకో దారి పట్టింది. టేపును పరిగెత్తించకండి, చదివే హెడ్‌ను తిప్పండి అన్నారు. 1956 ఏప్రిల్ 14న చికాగోలో చూపించిన వాళ్ల యంత్రంలో రెండు అంగుళాల వెడల్పు టేపు నింపాదిగా కదులుతుంటే, నాలుగు హెడ్లున్న చక్రం నిమిషానికి 14,400 సార్లు దాన్ని అడ్డంగా గీస్తూ తిరిగేది. తర్వాత డాల్బీ శబ్దంతో పేరు తెచ్చుకున్న రే డాల్బీ ఆ బృందంలో అప్పటికి కుర్రాడు.

యంత్రం ఖరీదు దాదాపు 50 వేల డాలర్లు. టేపు కూడా బంగారమే. అందుకే టీవీ వాళ్లు ఒకసారి ప్రసారం చేసి, చెరిపి, మళ్లీ వాడేవారు. బీబీసీ అలా తన 1960ల కార్యక్రమాలను ఎన్నింటినో తానే తుడిచేసుకుంది. డాక్టర్ హూ పాత భాగాల కోసం ఇప్పటికీ వెతుకుతున్నారు. చంద్రుడి మీద మనిషి దిగిన రోజున నేరుగా అందిన అసలు సిగ్నల్ టేపులు కూడా బహుశా చెరిపి తిరిగి వాడేసి ఉంటామని నాసా 2009లో ఒప్పుకుంది. ఇది చదివాక మా ఖాందాన్ మీద నా కోపం కొంత తగ్గింది. ఎందుకంటే మా పెద్ద ఆపా వలీమా టేపు మీద మా కజిన్ ఒకడు 1998 ఏప్రిల్‌లో షార్జా మ్యాచ్ ఎక్కించాడు. టెండూల్కర్ ఇసుక తుఫాను తర్వాత 143 కొట్టిన ఆట. బిర్యానీ దేగ్ మూత తీస్తున్నారు, ఆవిరి లేస్తోంది, ఠక్కున పచ్చటి మైదానం. క్యాసెట్ వీపున చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని విరిచేస్తే దాని మీద ఇంకేమీ ఎక్కదు. అబ్బా దాన్ని విరిచే ఉంచాడు. మావాడు ఆ కంత మీద టేపు ముక్క అంటించి మరీ రికార్డు చేశాడు. ఇప్పుడు నలుగురు పిల్లల తండ్రి, ఆపా ముందు ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు.

ఇళ్లలోకి వచ్చింది జపాన్ పుణ్యం. సోనీ 1975లో బీటామ్యాక్స్ తెచ్చింది. మరుసటి ఏడాది 1976 సెప్టెంబర్‌లో జేవీసీ వీహెచ్‌ఎస్ తెచ్చింది. మొదట్లో బీటా టేపు మీద గంట పట్టేది, వీహెచ్‌ఎస్ మీద రెండు గంటలు. బొమ్మ బీటాదే కాస్త మేలు అంటారు. జనానికి సినిమా మొత్తం ఒకే క్యాసెట్‌లో పట్టడం కావాలి. మనం వాడిన వీహెచ్‌ఎస్‌లో అరంగుళం టేపు సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా కదలదు. దాని పక్కన 62 మిల్లీమీటర్ల డ్రమ్ కొంచెం ఏటవాలుగా కూర్చుని సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. డ్రమ్‌లోని రెండు హెడ్లు వంతులవారీగా టేపు మీద వెంట్రుక కన్నా సన్నటి ఏటవాలు గీతలు గీస్తాయి. ఒక్కో గీత సగం బొమ్మ. సెకనుకు 50 సగాలు. ఈ 50 అంకె గుర్తుంచుకోండి, దీన్ని పట్టించుకోక నేను రెండు నెలల మెహనత్ పోగొట్టుకున్నాను.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లో దూరదర్శన్ 1977లో మొదలైంది. దేశంలో రంగుల ప్రసారం 1982 ఆగస్టు 15న వచ్చింది, ఆ ఏడాది నవంబర్‌లో ఢిల్లీ ఆసియా క్రీడలు. చిన్న పట్టణాలకు రిలే టవర్లు వచ్చేసరికి 1980ల నడిమి. మా కడప గల్లీలో మాత్రం టవర్ కన్నా ముందు వీసీఆర్ వచ్చింది. కారణం గల్ఫ్. 1973 తర్వాత చమురు ధర ఎగబాకి, అక్కడ రోడ్లూ మేడలూ లేవడం మొదలయ్యాక, కడప, రాయచోటి వైపు నుంచి కువైత్‌కు, హైదరాబాద్ పాతబస్తీ నుంచి సౌదీకి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి దుబాయికి మనుషులు బయలుదేరారు. బొంబాయిలో విమానం దిగి, కస్టమ్స్ వాళ్లకు సంజాయిషీలు చెప్పి, మద్రాసు మెయిల్‌లో కడప చేరేసరికి ఆ మనిషి చేతిలో తాడు కట్టిన అట్టపెట్టె ఉండేది. గల్లీ అంతా ఆ పెట్టె వెనకే నడిచేది.

అంతకు ముందు ఉత్తరాల బదులు ఆడియో క్యాసెట్లు నడిచేవి. చదువు రాని అమ్మ మాట్లాడుతుంది, కొడుకు జిద్దాలో వింటాడు, రెండో వైపు జవాబు నింపి పంపుతాడు. వీడియో వచ్చాక షాదీలు పంపడం మొదలైంది. సెలవు దొరకని అన్న తన చెల్లెలి నికాను నెల తర్వాత పదిమంది పంచుకునే గదిలో కూర్చుని చూసేవాడు. ప్యానాసోనిక్ ఎం సిరీస్ భుజం కెమెరాలు ఊరూరా షాదీల్లో కనిపించేవి. ఒక చేత్తో హాలోజన్ లైటు పట్టుకున్న కుర్రాడు ముందు, వైరు లాగే కుర్రాడు వెనక. సినిమాల్లో మనం ఎలా కనిపించామో మీకు తెలుసు, టోపీ, లుంగీ, ఖవ్వాలీ. దూరదర్శన్‌లో అయితే ఈద్ రోజున రెండు నిమిషాలు. 1985లో కడపలో ఒక మామూలు సాయిబుల ఇంట్లో దస్తర్‌ఖాన్ ఎలా పరిచేవారు, మర్దానాలో ఎవరు ఎవరికి లేచి సలాం చేసేవారు, రుఖ్సతీ వేళ మగవాళ్లు ఎలా మొహం తిప్పుకుని ఏడ్చేవారు, ఇవన్నీ కదిలే బొమ్మల్లో ఎక్కడైనా ఉన్నాయంటే ఈ షాదీ క్యాసెట్లలోనే. ఏ సర్కారీ ఖజానాలోనూ వాటికి రెండో ప్రతి లేదు.

అందరూ టేపు చెడిపోతుందని భయపడతారు. టేపు చెడిపోతుంది, నిజమే. కానీ ముందు పోయేది యంత్రం. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది, ప్రపంచంలో చివరి తయారీదారు అదే అన్నారు. అంతకు ముందు ఏడాది కూడా ఏడున్నర లక్షలు అమ్మింది పాపం, విడిభాగాలు దొరకడం మానేశాయి. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ 2015లోనే 2025ను గడువుగా పెట్టి హెచ్చరించింది. యునెస్కో కూడా 2019లో అదే మాట అంది. ఆ గడువు దాటాక నేను బయలుదేరాను, మన అలవాటు ప్రకారం.

వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో మామూ ఇంట్లో దిగి మూడు గురువారాలు జుమ్మెరాత్ బజార్‌లో తిరిగాను. పురానాపుల్ దగ్గర గురువారం గురువారం తుక్కు సామానుతో పరుచుకునే బజార్ అది. మూడు వందల నుంచి ఎనిమిది వందల దాకా పెట్టి నాలుగు వీసీఆర్లు కొన్నాను. ఒక్కటీ పని చేయదు. మామూ చూసి, "బేటా, నీకు జీతం ఎక్కువైందా?" అన్నాడు. కడపలో పాత టీవీ మెకానిక్ చిచ్చా ఒకాయన ఉన్నాడు, దుకాణం ఇప్పుడు మొబైల్ కవర్లదైపోయింది. ఆయన నాలుగింటినీ విప్పి, ఒకదాని మోటారు, ఒకదాని రబ్బరు రోలరు, ఒకదాని పవర్ బోర్డు కలిపి వారంలో ఒక దాన్ని లేపాడు. మజూరీ అడిగితే, "ముప్పై ఏళ్ల తర్వాత ఇది నా చేతికి వచ్చింది, నేనే నీకివ్వాలి" అన్నాడు. మరమ్మత్తు అనే మాటకు అసలు అర్థం తెలిసిన ఉస్తాద్.

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి సబక్: చెవుల్లో పెట్టుకునే దూది పుల్లతో హెడ్ తుడవకూడదు. దూది పోగు హెడ్ కొనకు చిక్కుకుంటే అది విరిగిపోతుంది. మెత్తటి తోలు ముక్కనో, తెల్ల కాగితాన్నో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి డ్రమ్‌కు ఆనించి కదలకుండా పట్టుకోవాలి, రెండో చేత్తో డ్రమ్‌నే మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దారంటే అయిపోయినట్టే. ఏళ్ల తరబడి కదలని టేపును వెంటనే ఆడించకూడదు, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి చుట్టి వెనక్కి తేవాలి. పెట్టె పగిలిన క్యాసెట్‌కు భయపడనక్కర్లేదు, అయిదు స్క్రూలు విప్పి రీళ్లను ఇంకో క్యాసెట్ పెట్టెలోకి మార్చడమే.

వీసీఆర్ దొరికింది కదా, కంప్యూటర్‌కు తగిలిస్తే చాలనుకున్నాను. నాలుగు వందల రూపాయల యూఎస్‌బీ పరికరం ఒకటి తెప్పించి, దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనే ఇరవై టేపులు ఎక్కించేశాను. ఖుషీగా ఖాందాన్ గ్రూపులో పెట్టాను. మా అబ్బాయి చూసి, "అందరూ రోబోల్లా నడుస్తున్నారేంటి?" అన్నాడు. అప్పుడు అర్థమైంది. సెకనుకు 50 సగం బొమ్మలు ఉంటే, ఆ పరికరం సగాన్ని పారేసి మిగతావి సాగదీసింది. పైగా ఫైలు చిన్నది చేయాలని మొహాలన్నీ మైనం ముద్దల్లా నున్నగా చేసింది. పోయినవి పోయినట్టే, ఆ ఫైళ్లతో చేసేదేమీ లేదు. ఇరవై టేపులూ మళ్లీ మొదటి నుంచి.

రెండోసారి తీరిగ్గా పోగేశాను. పాత టేపు సాగి, వదులై ఉంటుంది, అందుకని గీతలు సమయానికి రావు. నిలువుగా ఉండాల్సిన తలుపు అంచు నీళ్లలో నీడలా వణుకుతుంది. ఆ గీతల్ని ఒక క్షణం ఆపి వరసలో పెట్టి వదిలే పరికరాన్ని టైమ్ బేస్ కరెక్టర్ అంటారు. టీవీ స్టేషన్లలో వాడేది మన తాహతు కాదు. కానీ ప్యానాసోనిక్ వాళ్ల పాత డీవీడీ రికార్డర్లు కొన్నింటిలో, ముఖ్యంగా ఈఎస్ 10, ఈఎస్ 15 నమూనాల్లో, ఆ పని కొంత చేసే భాగం లోపలే ఉంది. రికార్డు చేయనక్కర్లేదు, వీసీఆర్ వైరు అందులోకి పెట్టి అవతలి నుంచి తీసుకుంటే చాలు. దుబాయి నుంచి వచ్చిన తోటి మాస్టర్ ఇంట్లో ఒక ఈఎస్ 10 ఉంది, డిస్క్ ఆడదని మూలన పడేశాడు. నాకు డిస్క్‌తో పనే లేదు. పెట్టగానే తలుపు అంచు నిలబడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నవ్వకండి.

డీవీడీ రికార్డర్ నుంచి బొమ్మ ఒక పాత డెస్క్‌టాప్‌లోని క్యాప్చర్ కార్డుకు వెళుతుంది. వర్చువల్‌డబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. సైజు 720 గుణకారం 576, సగాలు సగాలుగానే ఉంచాలి, ఏమీ పారేయని హఫ్‌వైయూవీ, ఎఫ్‌ఎఫ్‌వీ1 లాంటి పద్ధతిలో దాచాలి. గంటకు ముప్పై జీబీ అటూ ఇటుగా అవుతుంది. ఖర్చే. కానీ గ్రూపులో పంపడానికి చిన్న ప్రతి దాని నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు, చిన్న దాని నుంచి పెద్దది ఎప్పటికీ రాదు. ఒక డిస్క్ నా దగ్గర, ఒకటి భాయ్ ఇంట్లో. వీళ్లందరినీ మించి, హెడ్ దగ్గరి ముడి సిగ్నల్‌నే పట్టేసి మిగతా పనంతా కంప్యూటర్‌తో చేయించే వీహెచ్‌ఎస్-డీకోడ్ అనే మార్గం కూడా కొందరు షౌకీన్లు నడుపుతున్నారు. మా అబ్బాయి దాని వెంట పడ్డాడు. వీసీఆర్ లోపల వైరు అతికించాలంటున్నాడు. నేను ఇంకా ఇజాజత్ ఇవ్వలేదు.

చెన్నైలో ఉండే ఖాలా టేపులు వేరే కథ. సముద్రపు గాలికి రీళ్ల అంచున తెల్లటి బూజు పట్టింది. అలాంటి దాన్ని మంచి వీసీఆర్‌లో పెడితే బూజు హెడ్‌కు, అక్కడి నుంచి తర్వాతి టేపుకు అంటుకుంటుంది. మూతికి గుడ్డ కట్టుకుని, బయట వరండాలో, చావుకు సిద్ధమైన ఒక వీసీఆర్‌లో ముందు శుభ్రం చేసుకోవాలి. ఆరు టేపుల్లో నాలుగు దక్కాయి.

గల్లీలో ఈ సంగతి తెలిసి క్యాసెట్లు రావడం మొదలైంది. నేను డబ్బు తీసుకోను, ఇది షౌక్. ఒక సాయంత్రం వెనక వీధి నుంచి ఒక బాజీ వచ్చి, సంచి నా చేతికి ఇవ్వకుండా నిలబడింది. "భాయ్‌సాబ్, ఇందులో సగం జనానా. ఎవరు చూస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి ఎన్నో షాదీ టేపులు ఎక్కించాను, తెర మీద కళ్లు పెట్టే ఎక్కించాను, ఎక్కడ బొమ్మ ఊగుతుందో చూడాలి కదా. ఆ టేపుల్లో లైటు తగలగానే కొంగు లాక్కుని మొహం తిప్పుకునే ఆడవాళ్లు ఎందరో. నలభై ఏళ్ల కిందట వీడియో కుర్రాడి ముందు తిప్పుకున్నారు, నా ముందు తిప్పుకోవడానికి వాళ్లు అక్కడ లేరు. కొందరు మర్హూమ్ అయిపోయారు. టేపు అమానత్ అని తెలుసు, అందులోని మనుషుల పర్దా కూడా అమానత్ అని ఆ బాజీ అడిగేదాకా తట్టలేదు. ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. వైర్లు పెట్టి, మీట నొక్కి నేను బయటికి వచ్చేస్తాను. మా బేగం, మా అమ్మాయి కూర్చుని చూసుకుంటారు. బొమ్మ ఊగితే పిలవరు, వాళ్లకే వచ్చేసింది. జనానా భాగం వేరే ఫైలు, అది ఆ ఇంటి ఆడవాళ్ల చేతికే. నా దగ్గర ప్రతి ఉండదు.

ఇక "మక్కా, హజ్ 1406." అంటే 1986 ఆగస్టు. మా చిచ్చా అప్పుడు జిద్దాలో డ్రైవర్. సౌదీ టీవీలో హజ్ ప్రసారం వస్తుంటే గదిలో ఉన్న వీసీఆర్‌తో మూడు గంటలు పట్టి దాదీమాకు పంపాడు. దాదీమా టీవీకి దుష్మన్. తస్వీర్ దిగదు, షాదీల్లో కెమెరా వస్తే వంటింట్లోకి వెళ్లిపోయేది, 61 టేపుల్లో ఆమె ఒక్క చోట కూడా లేదు. ఆ ఒక్క క్యాసెట్‌కు మాత్రం వజూ చేసుకుని వచ్చి కూర్చునేది. జుమ్మా రోజుల్లో, హజ్ నెలలో, చిచ్చా యాదొచ్చినప్పుడు. 1993లో ఇంతెకాల్ అయ్యేదాకా వందసార్లు చూసి ఉంటుంది. మాకు అది నలుపు తెలుపు క్యాసెట్. మిగతావన్నీ రంగుల్లో ఆడేవి, మక్కా ఒక్కటి ఆడేది కాదు. సౌదీలో టీవీ ఇంకా అలాగే ఉందేమో అనుకున్నాం. కాబా ఎలాగూ నల్లనిది, ఇహ్రాం ఎలాగూ తెల్లనిది, ఎవరూ ఎక్కువ ఆలోచించలేదు.

ఈ షౌక్‌లో పడ్డాకే అసలు సంగతి తెలిసింది. రంగుల టీవీకి ప్రపంచంలో మూడు పద్ధతులు ఉండేవి. మనదీ కువైత్‌దీ పాల్. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. ఫ్రాన్స్‌ది సెకామ్, సౌదీ కూడా అప్పట్లో అదే వాడింది. వీహెచ్‌ఎస్ టేపు మీద బొమ్మ వెలుగును ఒక దారిలో, రంగును ఇంకో దారిలో రాస్తుంది. సెకామ్ ప్రసారాన్ని గల్ఫ్ వీసీఆర్లు మెసెకామ్ అనే పద్ధతిలో రాసేవి. పాల్ మాత్రమే తెలిసిన వీసీఆర్‌లో పెడితే వెలుగు చదువుతుంది, రంగు దానికి అర్థం కాదు, వదిలేస్తుంది. మా వీసీఆర్ అబ్బా మద్రాసు బర్మా బజార్‌లో కొన్నది, దానికి పాల్ ఒక్కటే వచ్చు.

మల్టీ సిస్టం వీసీఆర్ కోసం మళ్లీ వేట. రాయచోటిలో ఒక భాయ్ ఇంట్లో దొరికింది, క్రోషే గుడ్డ కప్పి ఉంది. ఆయన 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు కువైత్‌లో ఉన్నాడు. దాదాపు లక్షా డెబ్భై వేల మంది మనవాళ్లను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు కదా, అందులో ఒకడు. సామానంతా అక్కడే వదిలేసి కట్టుబట్టలతో వచ్చాడు. మళ్లీ వెళ్లి రెండేళ్లకు కొనుక్కున్నది ఈ వీసీఆర్. పైసలు వద్దన్నాడు, తన షాదీ టేపు ఎక్కించి ఇస్తే చాలన్నాడు.

వెనక చిన్న మీట. పాల్, మెసెకామ్, ఎన్‌టీఎస్‌సీ. ఈ టేపు కోసం డీవీడీ రికార్డర్‌ను పక్కన పెట్టి నేరుగా కార్డుకు తగిలించాను. కంప్యూటర్‌లో సెకామ్ ఎంచుకున్నాను. మొదట అదే పాత బూడిద రంగు. మీట వెనక్కి తోశాను. తెర ఒకసారి నల్లబడి, తెరుచుకుంది.

ఆకాశం నీలం. తవాఫ్ చేస్తున్న జనంలో ఆకుపచ్చ గొడుగు ఒకటి. కిస్వా మీద పైన చుట్టూ బంగారు జరీ పట్టీ, దాని మీది ఆయతులు మెరుస్తున్నాయి. కింద 1979లో పెట్టిన బంగారు తలుపు. టేపు అరిగిపోయిన చోట్ల ఎర్రటి, నీలపు నిప్పురవ్వల్లాంటి గీతలు, సెకామ్ టేపు అరిగితే అలాగే వస్తుందట. ఎక్కువ అరిగింది తలుపు దగ్గర. దాదీమా అక్కడ ఆపించి, వెనక్కి తిప్పించి మళ్లీ చూసేది. మీట నొక్కేది నేనే, ఎనిమిదేళ్లవాణ్ణి. మా బేగం వెనక వచ్చి నిలబడి చాలాసేపు ఏమీ అనలేదు.

చిచ్చాకు ఇప్పుడు 74. ఫోన్‌లో రెండు నిమిషాల ముక్క పంపాను, రంగుల్లో వచ్చింది చూడు అని. ఆయనకు అర్థం కాలేదు. "రంగుల్లో రాక? నేను రంగుల్లోనే పట్టాను కదా" అన్నాడు. ఇక్కడ నలుపు తెలుపులో ఆడిందని చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"అమ్మీ ఎప్పుడూ చెప్పలేదే," అన్నాడు. తర్వాత, "నేనూ అడగలేదులే. ఖత్‌లో రాసింది, గిలాఫ్ చాలా బాగుంది బేటా అని. బంగారం చూసి అంటోంది అనుకున్నాను."

ఇంకాసేపటికి గొంతు సవరించుకుని, తన అల్మారా మీద అట్టపెట్టెలో ఇంకో నాలుగు ఉన్నాయని, మీద ఏం రాశాడో ఇప్పుడు కళ్లు ఆనడం లేదని, ఆదివారం ఆ వీసీఆర్ ఎత్తుకుని రమ్మని చెప్పాడు.